శనివారం తీసిన రక్తం

సన్యాసమ్మ మెట్లెక్కి వచ్చింది గాని గుమ్మం దాటి లోపలికి రాలేదు. కలకత్తా భవానీపూర్‌లో డాక్టర్ జ్ఞానప్రసూన ఉంటున్న ఆ మేడమీది వాటాకి ఆమె రావడం అదే మొదటిసారి. ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కి, మధ్యలో మారి, కనబడినవాళ్ళందరినీ దారి అడుగుతూ వచ్చింది. జ్ఞానప్రసూన కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. రవిక చెయ్యి పైకి లాగి మోచేతి మడత చూపించింది.

“ఇక్కడే కాదేటి సూదెట్టినావు? నా సేతికీ ఎట్టినావు, నా కొడుకు సేతికీ ఎట్టినావు. ఆ రగతం ఎవుడికి అమ్మీసినావు డాక్టరమ్మా?”

ప్రసూనకి ఏమీ అర్థం కాలేదు. ముందు కూర్చోమని బతిమాలింది. సన్యాసమ్మ నిలబడే చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక్క కన్నీటి చుక్క రాలేదు. అదే ప్రసూనని ఎక్కువ భయపెట్టింది.

సన్యాసమ్మ మొగుడు సూరన్న గంగాముఖి షిప్ వర్క్స్‌లో బాయిలర్లు గీకే పని చేసేవాడు. ఖిదిర్‌పూర్ రేవులో పాడైన ఓడల్ని బాగుచేసే కంపెనీ అది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు మూడు తరాలుగా అందులో పనిచేస్తూ, కంపెనీ కట్టించిన గదుల వరసల్లోనే కాపురాలు ఉంటున్నారు. ఆ వరసల్ని అందరూ లైన్లంటారు. పనిలో ఉండగా మనిషి పోతే కొడుక్కి ఆ పని ఇవ్వాలి. యూనియన్ ఎప్పుడో పోట్లాడి సంపాదించిన హక్కు అది. పని ఉంటేనే గది ఉంటుంది.

సూరన్న వేసవి మొదట్లో బాయిలర్ పక్కనే పడిపోయాడు. మెదడులో నరం చిట్లి ప్రాణం పోయింది. కొడుకు మల్లేశు తండ్రి పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, సాయంత్రమైతే ఫుట్‌బాల్ ఆడతాడు, ఏనాడూ జ్వరమని పడుకున్నవాడు కాదు. అలాంటివాడిని నిన్న కంపెనీ ఆఫీసుకి పిలిచి పనికి పనికిరావన్నారు. నీ రక్తంలో పుట్టుకతో వచ్చిన లోపం ఉంది, నీ తండ్రిలాగే నువ్వూ ఏదో ఒకనాడు పడిపోతావు, పరిశోధనా సంస్థ పరీక్షలో తేలిపోయింది అన్నారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. మల్లేశు ఒక్కడే కాదు, తండ్రుల పని కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్ళందరికీ అదే జవాబు.

“మా పక్కగది గురవమ్మ కూతురికి టికియాపారాలో సంబందం కుదిరింది. లైన్లోల్ల రగతం సెడ్డదటగా అని ఆల్లు తప్పుకున్నారు. ఊరంతా తెలిసిపోనాది” అంది సన్యాసమ్మ. “తెలుగులో మాటాడినావని కదా మావు సెయ్యిసాపినాం. బెంగాలీ డాక్టరొస్తే ఇచ్చీవాల్లమేటి?”

 ఆ మాట నిజం. రెండేళ్ళ క్రితం ఆమెని పరిశోధనా సంస్థలో తీసుకున్నదే తెలుగు వచ్చని. లైన్లలో ఇంటింటికీ తిరిగి, బీపీ చూసి, రక్తం తీసి పంపడం ఆమె పని. ఈ పరీక్షల సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదని ప్రతి గుమ్మంలోనూ మాటిచ్చింది. సూరన్న బీపీ బాగా ఎక్కువుండటం చూసి, వెంటనే మందు మొదలుపెట్టమని కంపెనీ డిస్పెన్సరీకి చీటీ కూడా రాసింది ఆమే. డిస్పెన్సరీ వాళ్ళు అతనికి తలనొప్పి మాత్రలిచ్చి పంపారు.

“నేను అమ్మలేదమ్మా. ఎవరు అమ్మారో కనుక్కుంటాను” అంది ప్రసూన.

సన్యాసమ్మ రవిక చెయ్యి కిందికి లాక్కుంది. “కనుక్కుని మాకేటి లాబం? నా కొడుక్కి పనిప్పించు” అని వచ్చిన దారినే దిగిపోయింది.

*

పరిశోధనా సంస్థ అధిపతి డాక్టర్ భానుమూర్తి గదిలో కొత్త ఏసీ ఉంది. బల్ల మీద ఢిల్లీ సదస్సు ఆహ్వానం ఉంది. కాకినాడ నుంచి వచ్చి కలకత్తాలో ఇరవై ఏళ్ళయిన ఆ పెద్దమనిషి ప్రసూనతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. ప్యూనుతో బెంగాలీ. తెలుగు ఇంట్లో కూడా మాట్లాడడని సంస్థలో చెప్పుకునేవాళ్ళు.

ఫలితాలు కంపెనీకి ఇచ్చారా అని ప్రసూన సూటిగా అడిగింది. ఆయన ఏమాత్రం తడుముకోకుండా ఇచ్చానన్నాడు. కింద ల్యాబులో రక్తంలో ఉప్పు కొలిచే ఫ్లేమ్ ఫొటోమీటర్ ఎవరు కొనిచ్చారనుకున్నావు, గంగాముఖి వాళ్ళే కదా అన్నాడు. తర్వాత పాఠం మొదలుపెట్టాడు. మన ఎర్ర రక్తకణం చుట్టూ ఉండే పొరలో ఒక పంపు ఉంటుంది. కణంలోకి కారే ఉప్పుని, అంటే సోడియాన్ని, అది బయటికి తోడేస్తూ పొటాషియాన్ని లోపలికి లాక్కుంటుంది. బీపీ వంశపారంపర్యంగా వచ్చే కొన్ని కుటుంబాల్లో ఆ తోడుడు మందం. కణంలో ఉప్పు పేరుకుంటుంది. లైన్లలో వాళ్ళ కణాల్లో ఉప్పు మామూలు మనుషుల కంటే దాదాపు ఒకటిన్నర రెట్లుంది. ఇంత స్పష్టమైన తేడా ఎవరికీ దొరకలేదు.

ఇవన్నీ ప్రసూనకి తెలుసు. ఆమె అడిగింది వేరు. మల్లేశు బీపీ నూట పద్ధెనిమిది. పంపు మందమైనవాళ్ళందరికీ బీపీ వస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు. రేపెప్పుడో వస్తుందేమో అన్న జబ్బుకి ఇవాళ కూడు తీసేస్తారా?

“వాళ్ళ మంచికే కదా. బాయిలర్ దగ్గర చావడం కంటే నయం” అన్నాడు భానుమూర్తి, ఫైలు తిరగేస్తూ.

 సూరన్నని చంపింది బాయిలర్ కాదు, ఇవ్వని మందు. బీపీ మాత్రలివ్వడం కంపెనీకి దండగ. బీపీ రాబోతోందని చెప్పి కొడుకుని గెంటెయ్యడం లాభం. ఆ లాభానికి సర్టిఫికెట్ ఈ గదిలో తయారైంది. ప్రసూన ఆ మాటే అనేసి బయటికొచ్చింది. నీ ఉద్యోగం తాత్కాలికమన్న సంగతి మరిచిపోవద్దని ఆయన వెనకనుంచి గుర్తుచేశాడు.

మర్నాడు పొద్దున్నే ఖిదిర్‌పూర్ వెళ్ళి మల్లేశుని టాక్సీలో సంస్థకి తీసుకొచ్చింది. వాడు బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బెంగాలీ తెలుగు కలిపి, మళ్ళీ సూది ఎందుకు దీదీ, పోయిన పరువు చాలదా అన్నాడు. మీ అమ్మ పని ఇప్పించమంది, దానికేనంది ప్రసూన. ఏం చెయ్యాలో ఆమెకీ పూర్తిగా తెలియదు. రెండోసారి చూస్తే మొదటిదానికంటే కాస్త తగ్గొచ్చని ఒక ఆశ.

ల్యాబులో టెక్నీషియన్ గోరాచాంద్ అప్పటికప్పుడు కణాల్ని వేరుచేసి, కడిగి, నీళ్ళలో కరిగించి ఆ నీళ్ళని ఫొటోమీటర్ మంటలోకి చిమ్మించాడు. సోడియం ఎంత ఎక్కువుంటే మంట అంత పసుపుపచ్చగా వెలుగుతుంది. ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది. భానుమూర్తి కంపెనీకి పంపిన లెక్కలో మల్లేశుది పద్నాలుగు. పన్నెండు దాటితే పనికిరాడు.

మళ్ళీ చేయించింది. మళ్ళీ ఎనిమిదే.

మల్లేశు రక్తం మొదటిసారి తీసి ఆరునెలలైంది. మనిషి పుట్టుకతో తెచ్చుకున్న లోపం ఆరునెలల్లో మాయమవదు. ఆ రోజుకీ ఈ రోజుకీ ఏం మారింది? ప్రసూన గోరాచాంద్‌ని కూర్చోబెట్టి, లైన్ల నుంచి వచ్చిన రక్తపు గొట్టాలు ఈ గదికి చేరాక వాటికేం జరుగుతుందో మొదటినుంచీ చెప్పమంది. అతను తల గోక్కున్నాడు. ఏముంది దీదీ, శనివారం రాత్రికి వస్తాయి, ఐసుపెట్టెలో ఉంటాయి, నేను సోమవారం వచ్చి తీస్తాను అన్నాడు.

ఆదివారం ఎవరూ రారా? వెంటనే కణాల్ని వేరుచేస్తారనే కదా తను పంపుతోంది?

ఆదివారం డ్యూటీ భత్యం సారు మొదట్లోనే కొట్టేశారు అన్నాడు గోరాచాంద్. సోమవారం దాకా ఉంచితే ఫరవాలేదా అని అడిగితే సారు నవ్వి, ఫలితం బాగానే వస్తోంది కదా అన్నారట.



శనివారం. లైన్లలో రక్తం శనివారం సాయంత్రమే తీస్తారు. ఆ ఏర్పాటు చేసింది లైన్లలో వాళ్ళే. ఒంట్లోంచి రక్తం తీశాక మర్నాడు బరువు ఎత్తకూడదు, మేక కార్జం కూర తిని నడుం వాల్చాలి, అప్పుడే పోయిన రక్తం తిరిగొస్తుందని అక్కడ అందరి నమ్మకం. సెలవు ఆదివారం కాబట్టి శనివారం పని దిగి, స్నానం చేసి వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. మిగతా రోజుల్లో ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. వాళ్ళతో పోల్చడానికి తీసిన ఆఫీసు బాబుల రక్తమో? సోమవారం పొద్దున ఇదే గదిలో తీసి ఇక్కడికక్కడే పరీక్ష చేసేవాళ్ళు.

చలిలో ఆ పంపు పనిచెయ్యదు. ఎవరి పంపైనా సరే. వైద్యం చదివిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతి. ఐసులో పెట్టిన రక్తంలో ఉప్పు కణంలోకి కారుతూనే ఉంటుంది, తోడేవాడు నిద్రపోతుంటాడు. శనివారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటిదాకా ఐసులో కూర్చుంటే మహారాజు రక్తమైనా చెడ్డ రక్తమే అవుతుంది. ఢిల్లీ సదస్సుకి వెళ్తున్న గొప్ప తేడా లైన్లవాళ్ళ వంశంలోది కాదు, ఐసుపెట్టెలోది. ఆ సంగతి భానుమూర్తికి తెలుసు.

*

యూనియన్ ఆఫీసులో తపన్‌దా టీ తెప్పించాడు. లైన్లకి ఆయనే పెద్ద దిక్కు, పార్టీలో పలుకుబడి ఉన్నవాడు. గోడ మీద ఎర్రజెండా కింద కూర్చుని ప్రసూన చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. విని, కార్మికవర్గం విజ్ఞానానికి వ్యతిరేకం కాదన్నాడు. తాయెత్తులకీ భూతవైద్యాలకీ వ్యతిరేకంగా పోరాడిన యూనియన్ ఇవాళ ప్రయోగశాలని తప్పుపడితే జనం నవ్వరా అన్నాడు. డాక్టర్ భానుమూర్తి పెద్ద శాస్త్రవేత్త. రిపోర్టులు వచ్చాక మనం ఏం చెయ్యగలం?

ప్రసూన టీ గ్లాసు బల్లమీద పెట్టింది. “మళ్ళీ చేసి చూస్తే అదే రావాలి. అదే కదా తపన్‌దా విజ్ఞానమంటే?”

ఆయన కళ్ళు తెరిచాడు. అది నిజమేనన్నాడు.

అయితే ఈ శనివారం మళ్ళీ చేద్దామంది ప్రసూన. లైన్లలో ఎలా చేశామో అచ్చం అలాగే, ఒక్క మార్పు లేకుండా. కాకపోతే రక్తం లైన్లవాళ్ళది కాదు. మీది ఒకటి, కంపెనీలో పెద్దవాళ్ళెవరిదైనా ఒకటి. పని దక్కని కుర్రాళ్ళు పెట్టుకున్న అప్పీలు మీద సోమవారం మధ్యాహ్నం కంపెనీలో విచారణ ఉంది, అక్కడ ఫలితం చెబుతాను.

తపన్‌దాకి అందులో ఉన్న మజా కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక మీసం కింద నవ్వు ఆపుకోలేకపోయాడు. శనివారం సాయంత్రం ఆమెని వెంటబెట్టుకుని కంపెనీ క్లబ్బుకి వెళ్ళాడు. పర్సొనెల్ ఆఫీసర్ చౌధురీ, మల్లేశుని పనికిరావన్న మనిషి, నలుగురు స్నేహితులతో కేరమ్స్ ఆడుతున్నాడు. ఒక పరీక్ష కోసం చెంచాడు రక్తం కావాలని తపన్‌దా అందరి ముందూ అడిగాడు.

“నా రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసి పార్టీలో చేర్చుకుంటారా ఏమిటి తపన్‌బాబూ?” అన్నాడు చౌధురీ. అందరూ నవ్వారు. అంతమంది చూస్తుండగా సూదికి భయమంటే బాగుండదు. చొక్కా చెయ్యి మడిచాడు.

ఒక్కొక్కరిదీ రెండు గొట్టాలు తీసింది ప్రసూన. ఒకటి ఐసులో పడింది. రెండోది గోరువెచ్చని నీళ్ళున్న ఫ్లాస్కులో పెట్టి టాక్సీలో సంస్థకి పరుగెత్తింది. గోరాచాంద్ తాళం తీసి సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ ల్యాబులో అడుగుపెట్టీ పెట్టగానే కరెంటు పోయింది.

వీధి మొత్తం చీకటి. ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మొనగాడు ఆ రోజుల్లో కలకత్తాలో లేడు. రక్తం చల్లబడితే ఈ పని మొత్తం గంగలో కలుస్తుంది. కరెంటు లేకుండా కణాల్ని వేరుచెయ్యడం కుదరదు. ప్రసూన కొవ్వొత్తి వెలుగులో స్పిరిట్ స్టవ్ మీద నీళ్ళు కాచి, మణికట్టు మీద చుక్క పోసి వేడి చూసుకుంటూ, ఫ్లాస్కులో నీళ్ళు మారుస్తూ కూర్చుంది. ఆ ఫ్లాస్కులో ఉన్నది మల్లేశు గది, వాళ్ళమ్మ తిండి, గురవమ్మ కూతురి పెళ్ళి. ఫాను తిరగడం మొదలైన చప్పుడు విని గోరాచాంద్ ఒక్క గెంతు గెంతాడు. చౌధురీ ఎనిమిది. తపన్‌దా తొమ్మిది.

ఐసులో గొట్టాలు సోమవారం దాకా కదలలేదు.

*

విచారణ కంపెనీ ఆఫీసు మేడమీద. బల్లకి ఒక పక్క చౌధురీ, భానుమూర్తి. ఇంకో పక్క తపన్‌దా, ప్రసూన. కిందా మీదా కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఆవరణలో లైన్ల జనం నిలబడి ఉన్నారు, ముందు వరసలో సన్యాసమ్మ, పక్కనే మల్లేశు.

భానుమూర్తి ప్రసూన వైపు చూడనైనా చూడలేదు. పరీక్ష నమ్మదగినదేనా అని చౌధురీ లాంఛనంగా అడిగాడు. నూటికి నూరుపాళ్ళు అన్నాడాయన.

శనివారం తీసిన రక్తం రెండు గొట్టాలు ఇవాళ పొద్దున పరీక్ష చేశామని, మీ పద్ధతిలోనే చేశామని ప్రసూన చెప్పింది. ఫలితాలు విని ఈ మనుషులు పనికొస్తారో రారో డాక్టరుగారు చెప్పాలంది. పేర్లు చెప్పలేదు. మళ్ళీ లైన్లకి వెళ్ళి ఎవరివో తెచ్చిందనుకున్నాడేమో, భానుమూర్తి విసుగ్గా చెప్పమన్నాడు.

“మొదటి మనిషి పదమూడున్నర.”

“పనికిరాడు.”

“రెండో మనిషి పద్నాలుగున్నర.”

“అసలు పనికిరాడు. వంశంలోనే ఉంది. వీళ్ళ కుటుంబాలన్నిటిలోనూ ఇదే” అని చౌధురీ వైపు తిరిగాడు. “నేను చెప్పలేదూ?” క్లబ్బులో ఇచ్చిన రక్తం సంగతి ఇంకా తట్టని చౌధురీ తల పంకించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

“మొదటి మనిషి మీరే చౌధురీ బాబూ. రెండో ఆయన తపన్‌దా” అంది ప్రసూన. “మీ ఇద్దరికీ శనివారం రాత్రి పరీక్ష చేస్తే ఎనిమిదీ, తొమ్మిదీ ఉంది. ఆదివారమంతా ఐసులో పెడితే ఇలా అయింది. మీ కంపెనీ రూలు ప్రకారం ఇవాళే మీ బంగళా ఖాళీ చెయ్యాలి.”

 చౌధురీ చేతిలో పెన్ను అలాగే ఉంది. తపన్‌దా కుర్చీ వెనక్కి లాక్కుని, విజ్ఞానం చాలా గొప్పదండీ అన్నాడు మెల్లిగా.

భానుమూర్తి మొహం నల్లబడింది. “సాంపిల్ పాడుచేశావు.”

“అవును సార్. మీరు పాడుచేసిన పద్ధతిలోనే పాడుచేశాను. సోమవారం దాకా ఉంచొచ్చా అని గోరాచాంద్ అడిగితే ఏమన్నారో చెప్పమంటారా?”

ఆయన చెప్పమనలేదు. చౌధురీ తన రక్తం గురించి విన్నప్పటినుంచీ ఆయనకి కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాడు. తర్వాత బేరం త్వరగానే తెగింది. ఆ పరీక్ష రద్దు. కుర్రాళ్ళకి మామూలు వైద్యపరీక్ష చేసి ఈ వారంలోనే పనిలోకి తీసుకుంటారు. మల్లేశుకి గది అలాగే ఉంటుంది. బీపీ ఉన్న ప్రతి మనిషికీ డిస్పెన్సరీలో మాత్రలివ్వాలని తపన్‌దా పట్టుబట్టాడు. చౌధురీ అదీ ఒప్పుకున్నాడు. ఇక లేద్దామా అన్నట్టు అందరి వైపూ చూశాడు.

ప్రసూన లేవలేదు.

రెండేళ్ళు ఆ లైన్లలో తిరిగిన కోపమంతా గొంతులోకొచ్చింది. ఇక్కడ కాగితం మార్చుకుని వెళ్ళిపోతే సరిపోదంది. వాళ్ళ రక్తం చెడ్డదని ఊరంతా పాకింది. ఆ మాట పుట్టించిన నోరే కాదని చెప్పాలి. ఇంగ్లీషులో కాదు, బెంగాలీలో కాదు.

“కిందకి దిగండి సార్. వాళ్ళకి తెలుగులో చెప్పండి.”

అది తన పని కాదన్నాడు భానుమూర్తి. రేపటినుంచి నువ్వు సంస్థకి రానక్కర్లేదన్నాడు. రానంది ప్రసూన. ఆ కబురు అందరికంటే ముందు ఢిల్లీ సదస్సువాళ్ళకి రాస్తానంది, ఎందుకు రావడం లేదో కూడా. ఆయన తపన్‌దా వైపు చూశాడు. తపన్‌దా గుమ్మం పక్కకి తప్పుకుని మర్యాదగా దారి చూపించాడు.

భానుమూర్తి మెట్లు దిగాడు. జనం పక్కకి జరిగి చోటిచ్చారు.  నేల చూస్తూ తెలుగులో మాటలు కూడబలుక్కుంటూ, మీ రక్తంలో ఏ దోషమూ లేదు, పరీక్ష చెయ్యడంలో తప్పు జరిగింది అన్నాడు. తప్పు ఎవరిదో చెప్పలేదు.

సన్యాసమ్మ రెండడుగులు ముందుకేసి, ఆయన మొహానికి ఎదురుగా నిలబడింది.

“ఎవులు సేసినారు బాబూ తప్పు?”

ఆయన వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ప్రసూన నిలబడి ఉంది. అటు దారి లేదు.

“నేనే” అన్నాడు.

“గట్టిగా సెప్పండి” అంది సన్యాసమ్మ. “ఎనకాల ఆడోల్లకి ఇనపళ్ళేదు.”